డిశ్చార్జ్ రోజు మందుల వివరణ: వార్డులో చిన్న పరిశోధన చేసి మెరుగుపరచడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆసుపత్రుల్లో పనిచేసే హౌస్ సర్జన్లు, పీజీలు, స్టాఫ్ నర్సులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. మా వార్డులో ఫలానా పని సరిగ్గా జరగడం లేదని అందరికీ తెలుసు, దాన్ని బాగుచేయడం ఎలా, బాగుపడిందని నలుగురి ముందు చూపించడం ఎలా అన్నది ఆ ప్రశ్న. దీనికి పెద్ద నిధులు గాని, కొత్త యంత్రాలు గాని, గణాంక శాస్త్రంలో పట్టా గాని అవసరం లేదు. ఒక వార్డు, ఒక రూళ్ల పుస్తకం, రెండు నెలల ఓపిక ఉంటే చాలు. మొదటి అడుగు నుంచి చివరి దాకా ఎలా నడవాలో ఇక్కడ ఒకే ఉదాహరణతో వివరిస్తాను. ఇంటికి వెళ్లే రోగికి తన మందులు ఎలా వాడాలో నిజంగా తెలిసిందా లేదా అన్నది ఆ ఉదాహరణ.

ఇదే ఎంచుకోవడానికి కారణం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే కిడ్నీ రోగికి వార్డులో ఎంత మంచి వైద్యం చేసినా, ఇంటికి వెళ్లాక నడుము నొప్పికి పక్క దుకాణంలో కిడ్నీని దెబ్బతీసే నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగితే ఆ వైద్యమంతా వృథా కావచ్చు. ఆ జాగ్రత్త రోగి చెవికి చేరిందో లేదో కేస్‌షీట్ చూస్తే తెలియదు, రోగినే అడగాలి. పైగా డిశ్చార్జ్ అనేది రోగి సంరక్షణ, వైద్యుడి పనిభారం రెండూ ఒకేచోట కలిసే ఘట్టం కనుక, ఒకదాన్ని మెరుగుపరచబోయి రెండోదాన్ని పాడుచేయకుండా చూసుకోవడం కూడా ఇందులో నేర్చుకోవచ్చు.

కావలసినవి

- నలుగురైదుగురి బృందం: ఒక డ్యూటీ డాక్టరు, వార్డు హెడ్ నర్స్, ఫార్మసిస్ట్, ఒక హౌస్ సర్జన్, వీలైతే ఒక ఎంఎన్ఓ లేదా ఎఫ్ఎన్ఓ (వార్డులో సాయం చేసే మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు). చివరి వారిని చాలామంది వదిలేస్తారు. రోగిని, మందుల సంచిని గేటు దాకా చేర్చేది వారే కనుక, ఎక్కడ ఏం తప్పిపోతోందో వారికే బాగా తెలుసు.
- రూళ్ల పుస్తకం, గ్రాఫ్ పేపరు, గడియారం. కంప్యూటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.
- విభాగాధిపతి, సూపరింటెండెంట్ల లిఖితపూర్వక అనుమతి.
- రోజుకు అరగంట సమయం ఇవ్వగల ఒక మనిషి. ఈ ఒక్కటీ లేకపోతే మొదలుపెట్టకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం, ఢిల్లీ ఎయిమ్స్ కలిసి రూపొందించిన పాయింట్ ఆఫ్ కేర్ క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ అనే నాలుగు మెట్ల శిక్షణ పద్ధతి ఇలాంటి పనికే ఉద్దేశించినది. మన ఆసుపత్రుల పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని తయారైంది కాబట్టి ముందుగా దాన్ని ఒకసారి చదివితే మేలు.

1. లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"డిశ్చార్జ్ వ్యవస్థను మెరుగుపరచాలి" అన్నది లక్ష్యం కాదు, అది కోరిక మాత్రమే. లక్ష్యంలో ఎవరు, ఎంత, ఎప్పటికి అన్న మూడూ ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "మగవారి మెడికల్ వార్డు నుంచి ఇంటికి వెళ్లే ప్రతి 5 మందిలో కనీసం 4గురు, తాము వాడవలసిన ప్రతి మందూ ఎందుకో, ఏ పూటో, ఎన్ని రోజులో సరిగ్గా చెప్పగలగాలి; ఇది 8 వారాల్లో జరగాలి." ఈ వాక్యాన్ని నర్సుల బల్ల దగ్గర అంటించండి. బృందంలో ఎవరైనా దాన్ని చూడకుండా చెప్పలేకపోతే వాక్యం పొడవైందని అర్థం, కుదించండి.

2. అనుమతుల పని ముందే ముగించండి

వార్డు అంతర్గత ఉపయోగానికే ఈ పని చేస్తున్నారా, లేక తర్వాత సదస్సులోనో పత్రికలోనో ప్రకటించే ఉద్దేశం ఉందా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ప్రకటించే ఆలోచన ఏ కాస్త ఉన్నా సంస్థ ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు చేసి, వారి నిర్ణయం చేతికి వచ్చాకే సమాచార సేకరణ మొదలుపెట్టాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం సమీక్ష మూడు రకాలు: మినహాయింపు, త్వరిత సమీక్ష, పూర్తి కమిటీ సమీక్ష. మీ పని ఏ రకం కిందికి వస్తుందో తేల్చేది కమిటీయే గాని మీరు కాదు. "మాది చిన్న పని, అనుమతి అక్కర్లేదు" అని ఎవరికి వారే నిర్ణయించుకుని, అంతా అయ్యాక అనుమతి కోసం తిరగడం మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. జరిగిపోయిన పనికి వెనక తేదీ వేసి ఏ కమిటీ అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు.

రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు కొత్త పద్ధతి, రెండో జట్టుకు పాత పద్ధతి అమలు చేయదలచుకుంటే అది ప్రయోగ పరీక్ష అవుతుంది. అప్పుడు మొదటి రోగిని చేర్చుకోవడానికి ముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. మొదటిసారి చేసేవారు ఆ దారిలోకి వెళ్లవద్దని నా సలహా.

హెచ్చరిక: పుస్తకంలో రోగి పేరు, ఫోన్ నంబరు రాయకండి, వరుస సంఖ్య చాలు. ఆ సంఖ్యకూ ఐపీ నంబరుకూ (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబరు) పొంతన కలిపే కాగితం విడిగా హెడ్ నర్స్ బీరువాలో ఉండాలి. కేస్‌షీట్‌ను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటును ఈ పని పేరుతో అసలే చేసుకోకండి.

3. ఏం కొలవాలో, ఎలా కొలవాలో నిర్ణయించండి

ఈ మెట్టులో తొందరపడితే మిగతా పనంతా చెడుతుంది.

ప్రధాన కొలత ఒక్కటే ఉండాలి. మన ఉదాహరణలో అది "అన్ని మందుల గురించీ సరిగ్గా చెప్పిన రోగుల సంఖ్య". నాలుగు మందుల్లో మూడింటి గురించి సరిగ్గా చెప్పి నాలుగోది తప్పు చెబితే, ఆ రోగిని "సరి కాదు" కిందే లెక్కించండి. ఇది కఠినంగా అనిపిస్తుంది. కానీ తప్పు చెప్పిన ఆ నాలుగోది ఇన్సులినో, రక్తం పల్చబడే మందో అయినప్పుడు మిగతా మూడూ సరిగ్గా చెప్పడం ఆ రోగిని కాపాడదు.

రోగిని అడిగే తీరు మరీ ముఖ్యం. "అర్థమయిందా తాతా?" అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "ఆఁ, తెలిసింది బాబూ." డాక్టరు గారి ముందు తెలియలేదని చెప్పడం మర్యాద కాదని మన పెద్దవాళ్ల భావన, కాబట్టి ఆ జవాబుకు విలువ లేదు. మందుల సంచి రోగి చేతికే ఇచ్చి ఇలా అడగండి: "మామ్మా, మేం సరిగ్గా చెప్పామో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్లాక ఈ బిళ్ళలు ఎప్పుడెప్పుడు వేసుకుంటావో ఒక్కొక్కటీ తీసి చూపించవా?" ఇందులో పరీక్ష వివరించిన వారికే గాని రోగికి కాదు, అందుచేత రోగి బెదరదు. అడిగే మనిషి, మందులు వివరించిన మనిషి ఒక్కరే కాకూడదు. తన పనికి తానే మార్కులు వేసుకుంటే ఎవరైనా ఉదారంగానే వేస్తారు.

ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవారిలో ఒడియా మాట్లాడేవారు, సీతంపేట కొండల నుంచి వచ్చేవారిలో సవర మాట్లాడేవారు ఉంటారు. వారిని లెక్కలోంచి తీసేయకండి. తోడు వచ్చినవారి ద్వారా అడిగి, పక్కన "అనువాదం ద్వారా" అని గుర్తు పెట్టండి. వారిని వదిలేస్తే మీ అంకె బాగుంటుంది, వార్డు మాత్రం బాగుపడదు.

రెండో కొలత వైద్యుడి సమయం. హౌస్ సర్జన్ డిశ్చార్జ్ కాగితాలు చేతిలోకి తీసుకున్న నిమిషం నుంచి రోగికి చివరి మాట చెప్పి ముగించిన నిమిషం దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. దీన్ని వదిలేసిన మెరుగుదలలు ఉత్సాహం ఉన్నంతకాలం నడిచి, ఆ తర్వాత మూలన పడతాయి. పెద్ద అధ్యయనాలు కూడా ఈ జాగ్రత్త తీసుకుంటాయి. డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించే తీరుపై ఉత్తర అమెరికాలోని 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో జరిగిన ఐ-పాస్ అధ్యయనం 2014లో వెలువడింది. అందులో వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయి. దానితోపాటే ఒక్కో రోగి వివరాలు అప్పగించడానికి పట్టిన సమయాన్ని కూడా కొలిచారు. అది ముందు 2.4 నిమిషాలు, తర్వాత 2.5 నిమిషాలు, అంటే భారం పెరగలేదు. ఈ రెండో అంకె చూపించలేకపోతే మొదటి అంకెను ఏ యూనిట్ చీఫూ పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా.

4. ఏమీ మార్చకుండా పది రోజులు లెక్క తీయండి

రోజుకు 5 మంది చొప్పున పది పని దినాలు చూడండి. ఐదుగురిని మీ ఇష్టం వచ్చినట్టు ఎంచుకోవద్దు. చలాకీగా మాట్లాడేవారే మన కంటికి ముందు కనబడతారు. ఆ రోజు డిశ్చార్జ్ జాబితాలో మొదటి పేరును చిట్టీ వేసి తీసి, అక్కడి నుంచి ప్రతి మూడో పేరు తీసుకోండి, జాబితా అయిపోతే మళ్లీ పైనుంచి రండి. ఐదుగురి కన్నా తక్కువ మంది వెళ్లే వార్డయితే అందరినీ అడగండి, ఐదుగురు పూర్తయ్యేదాకా రెండు మూడు రోజులను కలిపి ఒక లెక్కగా తీసుకోండి. ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒక లెక్క చొప్పున తీసుకున్నా సరిపోతుంది, కాకపోతే మొత్తం గడువు పెరుగుతుంది.

ఈ దశలో తప్పు చెప్పిన రోగిని అలాగే పంపేయకూడదు. జవాబు రాసుకున్న వెంటనే అక్కడే సరిదిద్ది చెప్పి పంపండి. పరిశోధన కోసం రోగిని తప్పు దారిన ఇంటికి పంపడానికి ఎవరికీ హక్కు లేదు.

5. కారణాలను బల్ల దగ్గర ఊహించకండి, రోగి వెంట నడవండి

"రోగులకు చదువు లేదు" అన్నది మొదట వినిపించే కారణం. దాన్ని జాబితాలో రాయకండి. అది నిజమైనా మీ చేతిలో లేనిది. ఒక రోగి వెంట డిశ్చార్జ్ మాట విన్న క్షణం నుంచి గేటు దాకా నడిస్తే, మీ చేతిలో ఉన్న కారణాలు వరుసగా కనిపిస్తాయి.

ఫార్మసీ కౌంటర్‌లో పది బిళ్ళల స్ట్రిప్పును కత్తెరతో ఆరు, నాలుగుగా కత్తిరిస్తారు. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ఒకరికి వెళితే, ఏమీ లేని వెండి ముక్క ఇంకొకరికి వెళుతుంది. ఆ రెండో రోగి సంచిలో తెల్ల బిళ్ళలు రెండు రకాలుంటే, ఏది బీపీకి, ఏది గ్యాస్‌కు అన్నది చదువుకున్నవారు కూడా చెప్పలేరు. చీటీ మీద 1-0-1 అని ఉంటుంది. ఆ సున్నా మధ్యాహ్నానిదని మనకు తెలుసు గాని రోగికి ఎవరూ చెప్పి ఉండరు. "టిఫిన్ తిన్నాక వేసుకో" అంటాం, ఆ మనిషి పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి పోయే మనిషి, టిఫిన్ అన్నది ఆయన రోజులో లేదు. ఇక అన్నీ శ్రద్ధగా విన్నది హైదరాబాద్‌లో పనిచేసే కొడుకు. అతను ఆ రాత్రికే బస్సెక్కి వెళ్లిపోతాడు, ఇంట్లో మందులిచ్చేది కోడలు, ఆమె ఆసుపత్రికే రాలేదు.

ఇలా నలుగురైదుగురి వెంట నడిచాక, కనిపించిన కారణాల్లో ఏది ఎక్కువసార్లు ఎదురైందో గీతలు పెట్టి లెక్కించండి. ఎక్కువ గీతలు పడిన దాంతోనే మొదలుపెట్టండి. ఈ లెక్కలో సిబ్బంది పేర్లు ఎక్కడా రాయవద్దు. ఫలానా సిస్టర్ చెప్పలేదని ఒక్కసారి రాస్తే, మరునాటి నుంచి మీకు ఎవరూ నిజం చెప్పరు.

6. ఒక మార్పు, ఒక రోజు, ఒక హౌస్ సర్జన్

ప్రణాళిక, అమలు, పరిశీలన, నిర్ణయం అన్న నాలుగు దశల చక్రాన్ని షూహార్ట్, డెమింగ్ అనే ఇద్దరు పారిశ్రామిక నాణ్యతా నిపుణుల ఆలోచనల నుంచి వైద్యరంగం తీసుకుంది. సిద్ధాంతం ఇంతకన్నా అవసరం లేదు. ఆచరణలో దాని అర్థం, కొత్త పద్ధతిని వార్డంతటా ఒకేసారి ప్రకటించకుండా, ముందు ఒక్క రోజు, ఒక్క హౌస్ సర్జన్, ఇద్దరు ముగ్గురు రోగులతో చేసి చూడటం.

ప్రయత్నించదగిన మార్పులు ఇవి:

- స్ట్రిప్పు కత్తిరించక తప్పనప్పుడు, ఒక్కో మందును విడి కాగితపు కవరులో వేసి, కవరు మీద పేరు, దేనికో, ఏ పూటో తెలుగులో రాయడం. చదవలేని వారికి పొద్దుటికి సూర్యుడి బొమ్మ, రాత్రికి చందమామ బొమ్మ.
- మందుల వివరణను డిశ్చార్జ్ ఉదయపు హడావుడి నుంచి తప్పించి, ముందు రోజు సాయంత్రానికి మార్చడం. ఇంట్లో మందులిచ్చే మనిషిని అప్పటికి రప్పించడం, రాలేకపోతే ఫోన్‌లో వినిపించడం.
- రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే కొలత) ఎక్కువున్న ప్రతి రోగి కాగితం మీద "డాక్టరును అడగకుండా నొప్పి బిళ్ళలు వాడకూడదు" అన్న ముద్ర వేయడం. రబ్బరు స్టాంపు ఒకటి చేయిస్తే చాలు.
- చెప్పినదాన్ని రోగి చేత తిరిగి చెప్పించుకోవడం. దీన్ని రోజువారీ వివరణలో భాగం చేస్తే, కొలత కోసం అడిగే ప్రశ్న వేరే మనిషి, వేరే సమయంలో అడగాలి.

వీటిలో ఒకసారికి ఒకటే తీసుకోండి. నాలుగూ ఒకేసారి పెడితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. అలాగే కొత్త ఫారం ఏదైనా తెస్తే, పాతది ఒకటి తీసేయాలన్న నియమం పెట్టుకోండి. ఇప్పటికే అవే మందుల పేర్లు కేస్‌షీట్‌లో, డిశ్చార్జ్ సమ్మరీలో, మందుల చీటీలో మూడుసార్లు రాస్తున్న హౌస్ సర్జన్‌తో నాలుగోసారి రాయించడం న్యాయం కాదు. కార్బన్ పేపరు పెట్టి ఒక్క రాతతో రెండు కాగితాలు తీయడం పాత పద్ధతే అయినా ఇక్కడ బాగా పనికొస్తుంది.

అమెరికాలోని బోస్టన్‌లో 749 మంది రోగులతో చేసి 2009లో ప్రకటించిన ఒక డిశ్చార్జ్ అధ్యయనంలో, ప్రత్యేకంగా ఒక నర్సును పెట్టి రోగి కోసం సచిత్ర పుస్తకం తయారుచేయించారు. ఇంటికి వెళ్లాక ఫార్మసిస్ట్ ఫోన్ చేసేవారు. తర్వాతి 30 రోజుల్లో మళ్లీ ఆసుపత్రికి రావలసిన అవసరం తగ్గింది. ఆ ఆలోచన తీసుకోండి గాని, ఒక స్టాఫ్ నర్స్ ఇప్పటికే వార్డంతా చూసుకునే చోట ఆ ఏర్పాటును యథాతథంగా దించాలని చూడకండి.

పోస్టరు అంటించడం, ఒక గంట క్లాసు చెప్పడం అన్న రెండు మార్పులను మాత్రం జాబితా చివర ఉంచండి. అందరికీ ముందుగా తోచేవి అవే, త్వరగా కరిగిపోయేవీ అవే.

7. గ్రాఫ్ గీసి ఫలితం సరిచూసుకోండి

అడ్డ గీత మీద తేదీలు, నిలువు గీత మీద 5 మందిలో సరిగ్గా చెప్పినవారి సంఖ్య వేయండి. మొదటి పది రోజుల అంకెలు 2, 1, 2, 3, 2, 1, 2, 2, 3, 1 అనుకుందాం. వాటిని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే మధ్యన వచ్చేది 2. అదే మధ్యమం. ఆ 2 దగ్గర ఒక అడ్డ గీత గీసి, దాన్ని అలాగే ముందుకు పొడిగించండి. మార్పు మొదలైన రోజున ఒక నిలువు గీత గీయండి.

తర్వాతి ఎనిమిది రోజుల అంకెలు 3, 2, 3, 3, 4, 3, 4, 3 వచ్చాయనుకోండి. సరిగ్గా గీత మీద పడిన 2ను లెక్కలోంచి వదిలేస్తే, వరుసగా 7 చుక్కలు గీతకు పైన ఉన్నాయి. వరుసగా 6 లేదా అంతకన్నా ఎక్కువ చుక్కలు ఒకేవైపు పడితే, అది యాదృచ్ఛికంగా జరిగింది కాదని ఈ పద్ధతిలో నియమం. వరుసగా 5 చుక్కలు పెరుగుతూ పోయినా, తగ్గుతూ పోయినా కూడా అంతే. కాబట్టి మెరుగుదల నిజమే. కానీ లక్ష్యం 5లో 4, అది రెండు రోజులే అందింది. కనుక "సాధించాం" అని రాయకూడదు, "మెరుగుపడింది, లక్ష్యం ఇంకా అందలేదు" అని రాసి తర్వాతి మార్పుకు వెళ్లాలి.

ఇక్కడ తరచుగా జరిగే తప్పులు చెబుతాను. మార్పుకు ముందు నెల మొత్తాన్ని ఒక శాతంగా, తర్వాత నెల మొత్తాన్ని మరో శాతంగా మార్చి రెండు కడ్డీలు గీయడం మొదటిది. అలా చేస్తే, మార్పుకు ముందే అంకెలు తమంతట తామే పెరుగుతున్నాయేమో ఎవరికీ కనబడదు. చెడ్డ రోజును తీసేయడం రెండోది. తీసేయకండి, దాని పక్కన కారణం రాయండి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం ముందు రోజుల్లో గాని, సంక్రాంతి ముందు గాని, ఇంటికి పంపేయమని రోగులే పట్టుబడితే ఒక్కసారిగా డిశ్చార్జ్‌లు పెరిగి వివరణ కుదించుకుపోవచ్చు. ఆ వారం చుక్కలు కిందికి దిగితే అదీ మీకు పనికొచ్చే సమాచారమే. కొత్త హౌస్ సర్జన్ల బ్యాచ్ వచ్చిన రోజును కూడా గ్రాఫ్ మీద గుర్తించండి. మూడోది, లెక్కలు రాత్రి గదికి వెళ్లాక జ్ఞాపకం మీద నింపడం. అలాంటి పుస్తకాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు, అన్ని పేజీల్లో ఒకే పెన్ను, ఒకే వాలు, ఒక్క కొట్టివేత కూడా ఉండదు.

నమ్మకం కోసం వారానికి ఒకసారి ఇద్దరు మనుషులు ఒకే రోగి జవాబును విడివిడిగా "సరి", "సరి కాదు" అని రాసి పోల్చుకోండి. ఇద్దరి మధ్య తరచూ తేడా వస్తుంటే తప్పు మనుషులది కాదు, మీరు రాసుకున్న నిర్వచనం స్పష్టంగా లేదు. దాన్ని సరిచేసి, సరిచేసిన తేదీ రాయండి.

సమయం లెక్కకు కూడా ఇలాంటి గ్రాఫే వేసి మొదటిదాని కింద అంటించండి. మందుల గ్రాఫ్ పైకి, సమయం గ్రాఫ్ కూడా పైకి పోతుంటే ఆ మార్పు ఎక్కువ కాలం నిలవదు. మార్పును వదిలేయనక్కర్లేదు, దాన్ని తేలిక చేయాలి.

8. రాయడం, నిలబెట్టడం

వ్యాసంగా రాయదలచుకుంటే 2015లో వచ్చిన స్క్వైర్ 2.0 మార్గదర్శకాలను పక్కన పెట్టుకోండి. మెరుగుదల పనులను ఏ క్రమంలో, ఏ వివరాలతో రాయాలో అందులో ఉంది. విఫలమైన మార్పులను కూడా రాయండి. పక్క జిల్లా ఆసుపత్రి వారికి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేవి అవే.

లక్ష్యం అందాక రోజువారీ లెక్క ఆపి, నెలకు ఒకసారి పది మందిని మాత్రం అడగండి. ఆ పది మందిలో సరిగ్గా చెప్పినవారు ఆరుగురికి తగ్గితే, మరుసటి వారం రోజువారీ లెక్క తిరిగి మొదలుపెట్టి, ఐదో మెట్టు నుంచి మళ్లీ రండి. పుస్తకం హౌస్ సర్జన్ దగ్గర కాక హెడ్ నర్స్ దగ్గర ఉండాలి. హౌస్ సర్జన్ల పోస్టింగ్ వారాల్లో మారిపోతుంది, పుస్తకం వారితో వెళ్లిపోతే పని అక్కడితో ఆగిపోతుంది. కొత్త బ్యాచ్ వార్డులో అడుగుపెట్టిన మొదటి ఉదయమే, రౌండ్స్ మొదలుకాక ముందు, కవరు మీద ఎలా రాయాలో, రోగిని ఎలా అడగాలో ఒక రోగి మంచం దగ్గర చేసి చూపించే బాధ్యతను బృందంలో ఒకరి పేరున రాసి పుస్తకం మొదటి పేజీలో పెట్టండి.